కుడి చేతి గాజులు

నేను ఉద్యోగం చాలించిన రోజున ఆసుపత్రిలో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు, ఒక్కొక్కరే లేచి నాలుగు మంచి మాటలు చెప్పారు. నా నోరు పెద్దదన్న సంగతిని మాత్రం అందరూ మర్యాదగా దాటేశారు. చివర్లో ఆఫీసు గుమాస్తా ఒకాయన లేచి, "మా సిస్టరమ్మ నింపిన ఫారంలో ఇంతవరకూ తప్పు పట్టినోళ్లు లేరు" అన్నాడు. గదంతా చప్పట్లు. నేను తల వంచుకుని నవ్వు ఆపుకున్నాను. మూడో వరుసలో కూర్చున్న పెద్ద డాక్టరమ్మ అయితే ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

ఆ నవ్వు సంగతి ఇన్నాళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నన్ను పిలిచి సంజాయిషీ అడిగేవాళ్లు లేరు కాబట్టి చెబుతున్నాను. నర్సింగు చదువుకుని కొత్తగా కొలువులో చేరుతున్న అమ్మాయిలూ, ముఖ్యంగా మీరు వినండి. నన్ను చూసి భయపడ్డవాళ్లలో మీ అక్కలు చాలామందే ఉంటారు. ఇది చదివితే వాళ్లకూ కాస్త మనశ్శాంతి దొరుకుతుంది.

తిరుపతిలో ఒక కాన్పుల ఆసుపత్రిలో నేను పనిచేసింది ముప్పై ఏళ్ల పైమాటే. అందులో ఎక్కువ కాలం కాన్పుల గదిలోనే గడిచింది. మోకాళ్లు మొరాయించాక, నిలబడి చేసే పని వద్దని చివరి మూడేళ్లు నన్ను పెద్ద డాక్టరమ్మ దగ్గర పరిశోధన విభాగంలో వేశారు. విభాగం అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఓపీ పక్కన ఒక గది, ఒక కంప్యూటరు, రెండు బీరువాలు, నేను, ఫిజియోథెరపీ చదివిన పలమనేరు అమ్మాయి ఒకతె. అంతే.

డాక్టరమ్మ తెలుసుకోవాలనుకున్నది వినడానికి చిన్న సంగతే. కడుపుతో ఉన్న ఆడవాళ్లు రోజుకు ఎంత కదులుతున్నారు? ఆ కదలికకూ వాళ్ల చక్కెరకూ, రక్తపోటుకూ, నడుంనొప్పికీ, నిద్రకూ సంబంధం ఏమిటి? ఇంటిపని చేసుకునేవాళ్లను, కూలికి పోయేవాళ్లను, వాళ్లతో పాటు నాట్యం నేర్పే టీచర్లను కూడా ఆమె పట్టుబట్టి చేర్చింది. తిరుపతిలో నాట్యం క్లాసులకు కొదవేముంది. మడమ నొప్పి, వీపు నొప్పి అంటూ వాళ్లు ఎప్పుడూ మా ఓపీకి వస్తూనే ఉండేవాళ్లు. ఒంటితోనే పనిచేసే మనిషి కడుపుతో ఉన్నప్పుడు ఏది మానాలి, ఏది మానకూడదు అని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరని ఆమె బాధ.

"అందరికీ ఒకటే మాట చెప్పేస్తున్నాం సిస్టర్, కదలొద్దని. ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చుకున్నాం మనం?" అని అడిగేది.

ఎక్కడి నుంచో ఎందుకు, నా దగ్గర నుంచే. "పడుకోమ్మే, లేచినావంటే సూడు" అని ముప్పై ఏళ్లు ఆ వార్డులో అరిచింది నేను. కాబట్టి పైకి తల ఊపుతూ పనిచేశానే గానీ, కడుపుతో ఉన్న మనిషి నడవాలి, ఒళ్లు వంచాలి అన్న మాట నా మనసుకు ఎక్కలేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువవుతుంది.

పని ఇలా ఉండేది. మాతో చేరినవాళ్లకు నెలకోసారి ఒక పట్టీ ఇస్తాం. వాచీలాగా చేతికి కట్టుకోవాలి, ఏడు రోజులు తీయకూడదు. అది అడుగులు లెక్కబెడుతుంది. లెక్క కట్టుకున్నవాళ్లకు కనబడదు. కనబడితే దానికోసమే నడుస్తారు, లేదా మానేస్తారు. వారం తర్వాత పట్టీ తెచ్చిస్తే పలమనేరు అమ్మాయి కంప్యూటరుకు తగిలించి ఏ గంటకు ఎన్ని అడుగులో గీత తీసేది. పట్టీ కట్టడం, ఫారం నింపడం నా వంతు. ఫారంలో ఒక గడి ఉండేది: పట్టీ ఏ చేతికి? పనిచేయని చేతికే, అంటే ఎడమ చేతికే కట్టాలని నియమం. పనిచేసే చేయి ఊరికే ఊగుతూ ఉంటుంది, పట్టీ ఆ ఊపును కూడా అడుగనుకుంటుంది. ఇది మాకు మొదటిరోజే చెప్పారు. నేను విన్నాను కూడా.

ఆ పట్టీలతో మేము పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఒకామె విలువైన వస్తువని దేవుడి గూట్లో పెట్టి, ఏడు రోజులూ పూజ చేసి తెచ్చింది. దేవుడు వారమంతా ఒక్క అడుగు కూడా వేయలేదని గీత చూపించింది. ఇంకొకామెది అత్తగారు ముచ్చటపడి కట్టుకుంది. డెబ్బై ఏళ్ల ఆ అత్తగారు కోడలి కంటే రెండింతలు నడిచిందని తెలిసి నేనూ పలమనేరు అమ్మాయీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

ఇక ఆ నాట్యం టీచరు దగ్గరికి వస్తాను. ముప్పై దాటని మనిషి. సన్నగా, నిటారుగా ఉండేది. కుర్చీలో కూర్చున్నా వీపు ఆనించేది కాదు. అలిపిరికి పోయే దారిలో ఒక సందులో వాళ్ల ఇల్లు. మేడ మీది రేకుల షెడ్డులో క్లాసు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు ఇరవైమందికి పైగా ఆడపిల్లలు వచ్చేవాళ్లు. భర్త తిరుమలలో ఒక అంగట్లో పని, రెండు రోజులకోసారి దిగి వచ్చేవాడు. ఇంట్లో ఆమె, అత్తగారు.

మా దగ్గరికి రావడానికి రెండేళ్ల ముందు ఆమెకు మూడో నెలలో కడుపు పోయింది. నాట్యం వల్లనే పోయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు, ఆమె తప్ప. తర్వాతి రోజుల్లో ఆమె కూడా అనుకుందట. మళ్లీ కడుపు నిలిచాక మా దగ్గరికి వచ్చిన మొదటిరోజే డాక్టరమ్మను అడిగింది.

"ఆటవల్లే పోయిందా మేడం? నిజం చెప్పండి, నేను తట్టుకుంటా."

"కాదమ్మా. ఆ నెలల్లో పోయేవాటిలో చాలావాటికి తల్లి చేసిన పని ఏదీ కారణం కాదు. నీది కూడా అంతే" అన్నది డాక్టరమ్మ.

ఆ పిల్ల ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఏది మానమంటే అది మానింది. అయిదో నెల దాటాక గట్టిగా కాళ్లు కొట్టొద్దు, గెంతొద్దు అంటే ఆ రోజు నుంచి కూర్చునే నేర్పింది. ఆరో నెలలో, తిన్నాక చూసిన చక్కెర కొంచెం ఎక్కువగా కనబడింది. మందు అక్కర్లేదు, తిండి సరిచూసుకుని పూటపూటా తిన్నాక అరగంట నడువు అంటే అలాగే నడిచింది. ఆ నెల మేము కట్టిన పట్టీలో గీత చూడముచ్చటగా ఉంది. పొద్దున కాస్త, మధ్యాహ్నం కాస్త, రాత్రి కాస్త. క్లాసు జరిగే సమయంలో దాదాపు ఏమీ లేదు.

ఏడో నెలలో ఆమె రెండో పట్టీకి వచ్చింది. ముందురోజే సీమంతం జరిగిందట. ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రవీ పచ్చవీ మట్టిగాజులు. కాన్పు అయ్యేదాకా తీయకూడదు. పట్టీ కట్టడానికి వేలెడు చోటు లేదు. నేను గాజులు పైకి జరిపి చూశాను, కిందికి జరిపి చూశాను. బయట ముప్పైమంది వరసలో ఉన్నారు.

"ఆ పక్క చెయ్యి ఇయ్యి పాపా" అన్నాను.

కుడి చెయ్యి చాపింది. దానికి అయిదే గాజులు.

"ఈ చేతికి ఇంత తక్కువేందమ్మే? మీ వాళ్లకు చాలకపోయినాయా?"

"నేనే వద్దంటి సిస్టరమ్మా. ఈ చేత్తోనే కదా కట్టె పట్టుకునేది. కొడతా ఉంటే పగిలిపోతాయి అని అయిదే ఏయించుకున్నా. మా అత్త ఒకటే గొణుగుడు."

కట్టె అంటే తాళం వేసే కర్ర. నాట్యం టీచర్లు కూర్చుని, ముందున్న చెక్క మీద దానితో కొడుతూ నోటితో జతులు చెబుతారు. ఆ మాట నా చెవిన స్పష్టంగా పడింది. పడి, అక్కడే ఆగింది. నేను కుడి చేతికి పట్టీ కట్టి, ఫారంలో "ఏ చేతికి" అన్న గడిలో ఎడమ అని టిక్కు పెట్టాను. అబద్ధం రాయాలని కాదు. రోజూ పెట్టే టిక్కు, చెయ్యి దానంతట అదే పెట్టేసింది. కానీ ఆ రోజు నేను చూసింది కుడి చెయ్యి, రాసింది ఎడమ చెయ్యి. దీనికి ఇంకో పేరు లేదు.

వారం తర్వాత పట్టీ తిరిగొచ్చింది. పలమనేరు అమ్మాయి గీత తీసి, "పెద్దమ్మా, ఈడ సూడు" అని పిలిచింది. సాయంత్రం నాలుగు కాగానే గీత నిలువునా లేచి, ఏడింటిదాకా కొండలా నిలబడి ఉంది. వారంలో ఆరు రోజులూ అంతే. ఆదివారం మాత్రం చదును.

"క్లాసు టైమే కదా. ఆడతా ఉండాది" అన్నాను.

"మేడంకి చెప్పాల మనం. ఇంకా ఆమెను అడగలే కూడా" అన్నది పలమనేరు అమ్మాయి.

ఆ అమ్మాయి చెప్పినట్టు చేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. డాక్టరమ్మ ఆ వారం ఊళ్లో లేదు. నాకేమో ఒళ్లు మండిపోయింది. ఒకసారి కడుపు పోగొట్టుకున్న మనిషి, మా ముందు అంత అమాయకంగా తలూపి, ఇంటికి పోయి గెంతుతోందా అని. పట్టీ లెక్కలు కట్టుకున్నవాళ్లకు తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పకూడదని మేము సంతకం పెట్టి ఉన్నాం. ఆ సంతకం నా మంటలో గుర్తుకు రాలేదు. సాయంత్రం ఇంటికి పోతూ నేరుగా వాళ్ల సందులోకి తిరిగాను.

అత్తగారు గడప దగ్గర కూర్చుని చింతచిగురు ఏరుతోంది. పైనుంచి కర్ర చప్పుడు, పిల్లల అడుగుల చప్పుడు వినిపిస్తున్నాయి. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. ఆరోజు అవి ఎక్కనిచ్చి ఉంటే, ఆమె చాప మీద కూర్చుని ఉండటం కళ్లతో చూసేదాన్ని. కింద నిలబడే తీర్పు చెప్పేశాను.

"నీ కోడలు రోజూ మూడు గంటలు ఆడతా ఉండాదమ్మా. మా యంత్రంలో పడింది."

"ఆడతా ఉండాదా?" ఆమె చేతిలో చిగురు ఒళ్లో పడింది. "కూర్చోనే చెప్తా ఉండాను అత్తా అనిందే నాతో."

"యంత్రం అబద్ధం చెప్తాదా?"

ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. మొదటిసారి కడుపు పోయినప్పుడు కోడలి కంటే ఎక్కువ ఏడ్చిందని తర్వాత విన్నాను. నేను మాత్రం ఒక బిడ్డను కాపాడాననుకుంటూ, చాలా తృప్తిగా ఇంటికి పోయి అన్నం తిన్నాను.

రెండు వారాల తర్వాత టీచరు పరీక్షకు వచ్చింది. అత్తగారు బయట బల్ల మీద కూర్చుంది. ఆ పిల్లను చూసి నాకే ఎలాగో అనిపించింది. వీపు కుర్చీకి ఆనించి కూర్చుంది. చక్కెర బాగా పెరిగింది. డాక్టరమ్మ కాగితం చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇట్లా అయితే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సి వస్తుందమ్మా. తిండి ఏమన్నా మారిందా?"

"లేదు మేడం."

"నడుస్తున్నావా?"

"లేదు మేడం. పడుకోనే ఉండా."

"నడవమన్నాను కదా, ఎందుకు మానేశావు?"

ఆ పిల్ల నా వైపు చూసి తల దించుకుంది. నేను ధైర్యంగానే చెప్పాను. "నేనే ఆపించినా మేడం. క్లాసులో ఆడతా ఉండాదని గీతలో తెలిసింది. వాళ్ల అత్తకి చెప్పినా. క్లాసు మూసేసినారు."

డాక్టరమ్మ ఫైల్లోంచి గీత తీసి ఆ పిల్ల ముందు పెట్టి, "ఈ సమయంలో ఏం చేసేదానివి తల్లీ?" అని అడిగింది. ఆ గొంతులో నేరం మోపడం లేదు. తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రమే ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ గొంతు నాకు ఒక్కరోజైనా పట్టుబడలేదు.

"కూర్చోని కట్టె కొడతా జతులు చెప్తా ఉంటి మేడం. లేయలేదు. దేవుడి మీద ప్రమాణం."

పలమనేరు అమ్మాయి గీత వైపు, ఫారం వైపు మార్చి మార్చి చూసింది. "కట్టె ఊపినందుకు అడుగులు పడుండొచ్చు మేడం. కానీ కట్టె కుడి చేత్తో కదా కొట్టేది? పట్టీ ఎడమ చేతికి ఉండాదని ఫారంలో రాసుండాది. ఎడమ చేయి కదలదే."

 టీచరు చెప్పిన మాటకు ఉన్న ఒక్క సాక్ష్యమూ నా టిక్కు కింద పడి నలిగిపోయింది. అప్పుడు ఆమె చాలా మెల్లగా అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోలేను.

"నాకే అనుమానం వచ్చింది మేడం. నాకు తెలీకుండా నిద్దట్లో లేసి ఏమన్నా ఆడతా ఉండానేమో అని. అందుకే కాళ్లు కదిలిస్తే భయమేసి, మంచం దిగలేదు. మళ్లీ నావల్లే ఏమన్నా అయితే ఎట్ల?"

అంటూ కుడి చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. అయిదు గాజులు. ఈ చేత్తోనే కదా కట్టె పట్టుకునేది, అన్న మాట అప్పుడు వచ్చి నా నెత్తిన పడింది.

అబద్ధమెందుకు, ఒక క్షణం నోరు మూసుకుందామనే అనిపించింది. నేను తప్ప ఇంకెవరికీ తెలియదు. ఉద్యోగం ఇంకా ఏడాదిన్నర ఉంది. వార్డులో నా మాటకు ఎదురులేదు. కానీ ఆ పిల్ల మంచం మీద కాళ్లు కదపకుండా పడుకుని ఉండటం నా కళ్లకు కట్టింది.

"కుడి చేతికే కట్టినా మేడం" అన్నాను. "ఎడమ చేతి నిండా గాజులుండాయి అని. కట్టింది కుడికి, రాసింది ఎడమకి. నేనే."

పలమనేరు అమ్మాయి నోరు తెరిచి నన్ను చూసింది. టీచరు తల ఎత్తింది. డాక్టరమ్మ "పట్టీ తెండి. ఇప్పుడే చూద్దాం" అన్నది.

కర్ర లేదు. నా బల్ల మీదున్న రూళ్లకర్ర ఇచ్చాను. చెక్క లేదు. కాళ్లు పెట్టుకునే కొయ్యపీట ఎత్తి కుర్చీ ముందున్న బల్ల మీద పెట్టాం. ఈసారి కుడి చేతికి పట్టీ కట్టి, ఫారం మీద కుడి అని రాసి, రాసింది ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

ఆ పిల్ల మొదట జంకింది. ఒకసారి కొట్టి ఆగింది. తర్వాత వీపు కుర్చీ నుంచి దానంతట అదే లేచి నిటారైంది. "తైయా తై" అని ఎత్తుకుంది. అబ్బ, ఏం గొంతు! ఆ సన్నటి ఒంట్లో అంత గొంతు ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. కుర్చీలోంచి ఒక్క అంగుళం లేవకుండా, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి ఒక్కటే ఆడిస్తూ, నిదానంగా మొదలుపెట్టి రెండో కాలం, మూడో కాలం అంటూ వేగం పెంచుకుంటూ పోయింది. ఎక్కడా తడబాటు లేదు. ఓపీ వరసలో ఉన్న ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని తలుపు దగ్గర మూగారు. ఎవరిని చూసినా తల ఆడుతోంది. డాక్టరమ్మ కాలు బల్ల కింద తాళం వేయడం నేను చూశాను. ఆ పది నిమిషాలు నేను నా తప్పు కూడా మరిచిపోయి విన్నాను.

పలమనేరు అమ్మాయి పట్టీ తీసుకుని కంప్యూటరుకు తగిలించింది. "వెయ్యి దాటినాయి మేడం! కుర్చీ దిగకుండానే వెయ్యి అడుగులు!" అని అరిచింది.

అప్పుడు ఏడ్చింది టీచరు. కడుపు పోయిన సంగతి చెప్పినప్పుడు ఏడవని మనిషి, వెయ్యి అన్న మాట విని రూళ్లకర్ర ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. "నేను ఆడలేదు కదా మేడం" అని రెండుసార్లు అడిగింది. "లేదమ్మా, ఆడలేదు" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

అత్తగారిని లోపలికి పిలిచారు. చెప్పాల్సింది నేనే కాబట్టి నేనే చెప్పాను. ఆమె అంతా విని నన్ను సూటిగా అడిగింది.

"యంత్రం అబద్ధం చెప్పదంటివి కదమ్మా?"

"యంత్రం చెప్పలేదు తల్లీ. నేను చెప్పినా. తప్పు నాదే, నన్ను మన్నించు."

ఆమె నన్ను మన్నించిందో లేదో తెలియదు. కోడలి దగ్గరికి పోయి నెత్తిన చెయ్యి పెట్టి, "నువ్వు చెప్తానే ఉంటివి కదమ్మే, నేనే ఇనకపోతి" అన్నది. అంతే.

ఇన్సులిన్ మొదలుపెట్టే ముందు ఇంకో వారం చూద్దామన్నది డాక్టరమ్మ. తిన్నాక నడక మళ్లీ మొదలుపెట్టాలి. క్లాసు తెరవొచ్చు. మూడు గంటలూ కూర్చోకుండా, మెత్తగా అడుగులు వేస్తూ, పిల్లల మధ్య తిరుగుతూ నేర్పితే ఇంకా మంచిది. కాళ్లు కొట్టడం, గెంతడం మాత్రం వద్దు.

"తిరగతా చెప్పాలంటే కట్టె ఎవరు కొడతారు మేడం?" అన్నది టీచరు.

"నేను కొడతా" అన్నది అత్తగారు. "దినామూ కింద కూర్చోని ఇంటానే ఉండా కదా. నాకు రాదా ఏంది?"

ఆ వారంలోనే నేను ఆ మేడ మెట్లెక్కాను, కూర్చుంటూ లేస్తూ. చూసి తీరాలనిపించింది. అత్తగారు చాప మీద ఠీవిగా కూర్చుని కర్ర కొడుతోంది. మూడు దెబ్బలు సరిగ్గా పడితే నాలుగోది పక్కదారి పట్టేది. పిల్లలు కిసుక్కుమనేవాళ్లు. ఆ టీచరు మాత్రం నవ్వకుండా, "అత్తా, ఇంకోసారి" అని, తప్పిన చోటి నుంచే నోటితో తాళం అందుకుని పిల్లల అడుగుల్ని కాపాడేది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, వరసల మధ్య నడుస్తూ, ఒకదాని మోచెయ్యి ఎత్తి, ఒకదాని గడ్డం తిప్పి. ఒక్క పాదం కూడా చప్పుడు కాకుండా వేస్తోంది. తన పనిని ఇంత ప్రేమించే మనిషిని నేను ఇన్ని రోజులు మంచం మీద పడేశానా అని సిగ్గుపడ్డాను. ఆమె మీద నాకు ఏర్పడిన గౌరవం ఆరోజు మొదలైందే.

వారానికి చక్కెర కొంచెం దిగింది. రెండో వారానికి ఇంకొంచెం. ఇన్సులిన్ అవసరం రాలేదు. అందరికీ ఇలా నడకతోనే దిగుతుందని అనుకోకండి. దిగనివాళ్లకు మందు ఇవ్వాలి, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఈమెకు దిగింది, అంతే నేను చెప్పగలిగేది.

నా శిక్ష వేరే ఉంది. "గాజులు నిండుగా ఉన్నవాళ్లకు ఇంకెంతమందికి కుడి చేతికి కట్టారు సిస్టర్?" అని డాక్టరమ్మ అడిగింది. పాత ఫారాలన్నీ తీసి, సీమంతం అయిన ప్రతి ఒక్కరికీ ఫోను చేసి అడిగాను. వాళ్లలో బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆమె ఒకతె. ఆమె గీత కూడా పొద్దంతా కొండలాగే ఉండేది. కష్టజీవి, ఎంత నడుస్తోందో పాపం అని నేను మెచ్చుకున్నాను. వేరే నడక అక్కర్లేదని కూడా చెప్పి పంపాను. పొద్దంతా కూర్చుని కత్తి ఆడించిన చెయ్యది. ఒకే గీతను ఆమె దగ్గర చూసి మెచ్చుకుని, టీచరు దగ్గర చూసి దొంగతనం పట్టినట్టు అరిచాను. అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ ఫ్యాక్టరీ ఆమెను మళ్లీ పిలిపించి, తిన్నాక నడవమని సరిగ్గా చెప్పించాం.

ఆ వారాల లెక్కలన్నీ డాక్టరమ్మ పరిశోధనలోంచి తీసేసింది. ఎందుకు తీసేశామో రాసిన చోట "పట్టీ కట్టడంలో మేము పొరబడ్డాం" అని రాసింది. నేను పొరబడ్డానని రాయండి మేడం అంటే వినలేదు. "మీకు గాజుల సంగతి ముందే చెప్పాల్సింది నేను కదా సిస్టర్. ఈ ఊళ్లో ఏడో నెల ఆడవాళ్ల చేతులు ఎలా ఉంటాయో నాకు మాత్రం తెలియదా?" అన్నది. ఇంటి మనిషికి లెక్క చెప్పినందుకు మాత్రం తలుపు వేసి గట్టిగానే చీవాట్లు పెట్టింది. అవి ఇక్కడ రాయను. అంత బాగా నన్ను తిట్టినవాళ్లు మళ్లీ ఎవరూ లేరు.

టీచరుకు నెలలు నిండి మామూలు కాన్పే అయింది. ఆడపిల్ల. మరునాడు పలమనేరు అమ్మాయితో కలిసి చూడటానికి పోయాను. మా వైపు, తమిళ ఊళ్ల పక్కనున్నందుకేమో, సీమంతం గాజులు కాన్పు చేసిన మంత్రసానికి ఇచ్చే ఆనవాయితీ ఒకటి ఉంది. మంత్రసానులు పోయాక అవి మా నర్సులకు వస్తున్నాయి. ఎడమ చేతి గాజులన్నీ అప్పటికే కాన్పుల గది సిస్టరుకు ఇచ్చేశారు. చెయ్యి బోసిగా ఉంది. కుడి చేతికి మాత్రం ఆ అయిదూ అలాగే ఉన్నాయి.

"ఒకటి గూడా పగల్లేదు సూడండి సిస్టరమ్మా. అత్త కట్టె తీసుకునింది గదా" అని నవ్వింది. బిడ్డను అత్తగారి ఒళ్లో పెట్టి, ఒక్కొక్కటే మెల్లగా తీసింది. "ఇవి మీకని ఉంచినా."

"నాకెందుకమ్మే? నేను కాన్పు చేయలేదే. నీకు చేసిన మేలు ఏముండాదని?"

"ఆ పొద్దు మీరు నోరు తెరవకపోతే నా మాట ఎవరు నమ్మేటోళ్లు?"

 ఆ పిల్ల గాజులు వేళ్ల మీద పేర్చి పట్టుకుని, పక్కనున్న పలమనేరు అమ్మాయి వైపు చూసి కన్ను గీటింది. తర్వాత మా ఫారంలోని గడిని చదివినంత గంభీరంగా మొహం పెట్టి అడిగింది.

"ఏ చేతికి సిస్టరమ్మా? బాగా సూసి చెప్పండి."

నేను రెండు చేతులూ చూసుకుని, కుడి చెయ్యి చాపాను.